మూడు నిమిషాల ఇసుక

4, సోమవారం

పొద్దున గ్లాసులో నీళ్లు కదల్లేదు.

ఏడు వారాలుగా లేవగానే నేను చూసేది అదే. మంచం పక్క స్టూలు మీద గ్లాసు, అందులో సన్నటి వలయాలు. పంపు దెబ్బ. మడుగు మా వీధికి కిలోమీటరు దూరంలో ఉన్నా ఆ దెబ్బ నేలలోంచి వచ్చి స్టూలెక్కేది. ఇవాళ నీళ్లు అద్దంలా ఉన్నాయి. చాలాసేపు చూశాను. సంతోషంగానే ఉందనుకుంటున్నాను.

అమ్మ కుట్టు మిషను దగ్గర్నుంచి, "అమ్మయ్య, నిన్నట్నుంచి చెవులు తెరిపిన పడ్డాయి. ఏం రోగమొచ్చిందో ఆ దెయ్యానికి" అంది. నేను పళ్లు తోముకుంటున్నాను కాబట్టి జవాబు చెప్పక్కర్లేకపోయింది.

మడుగు కోసం కలిసే మా ఐదుగురిలో ఎవరూ ఏదీ రాయకూడదు. చీటీ ముక్క కూడా. అది మొదటి నియమం. కానీ రాయకుండా నాకు ఆలోచన సాగదు. మనసులో ఉన్నంతసేపూ ప్రతి వాక్యమూ ఒప్పులాగే ఉంటుందనీ, తప్పు కాగితం మీదే బయటపడుతుందనీ స్కూల్లో సిస్టర్ అనేవారు. ఈ నోటుబుక్కు లైబ్రరీలో నా బల్ల సొరుగులో, అతుకు కాగితాల కింద ఉంటుంది. చిరిగిన పుస్తకాలు బాగుచేసే గదికి నేను తప్ప ఎవరూ రారు.

నిన్న పొద్దున ఆరున్నరకు మడుగుకి వెళ్లాను. మెడలో బైనాక్యులర్స్, చేతిలో పక్షుల లెక్క పుస్తకం. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆ గట్టు మీద తిరుగుతున్నదాన్నే. ఆ వేళకి పంపు ఆపరేటర్ టీకి వెళ్తాడు. షెడ్డుకి గొళ్లెం తప్ప తాళం లేదు. మెకానిక్ బొమ్మ గీసి చూపించిన ఇత్తడి ముక్క తీశాను, నీళ్లలోకి విసిరేశాను. ఇంజను మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎవరూ చూడలేదు.

నన్ను పంపిందే అందుకు. "మన లైబ్రరీని ఎవరు చూస్తారు? గోడ పక్కన నిలబడితే గోడే అనుకుంటారు" అన్నాడు మెకానిక్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

5, మంగళవారం

పదకొండు పుస్తకాలకు వెన్ను అతికించాను. జిగురు బాగా కుదిరింది.

6, బుధవారం

ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు వెనక గదిలో కలిశాం. ఎప్పటిలాగే ఐదుగురం. టీచర్, మెకానిక్, లాయరు గారు, షాపు ఆయన, నేను.

టీచర్ మా స్కూల్లోనే బయాలజీ చెప్పేవారు. రిటైరై ఆరేళ్లయింది. ఇప్పటికీ ఆవిడ కూర్చోమంటేగానీ నేను కూర్చోను. మడుగు పూడ్చి గోదాములు కడతారని మొదట పసిగట్టింది ఆవిడే. పదకొండేళ్లుగా అక్కడి పక్షుల్ని లెక్కపెట్టింది ఆవిడే. అర్జీలు పెట్టారు, సంతకాలు పోగుచేశారు, కోర్టుకెళ్లారు. వాయిదా ఇరవై రెండున. కంపెనీ వాళ్లు మాత్రం వాయిదా కోసం ఆగలేదు, పంపు పెట్టి తోడేయడం మొదలుపెట్టారు. ఆ లెక్కన తీర్పు వచ్చేనాటికి తీర్పు చెప్పడానికి మడుగే ఉండదు. పోయిన శుక్రవారం టీచర్ ఆ మాట అని, పంపు ఆపుదామంటూ ఇసుక గడియారం తిప్పారు.

అది స్కూలు ల్యాబులో పాతది, మూడు నిమిషాలది. ఎవరైనా ఒక పని చేద్దామంటే దాన్ని తిప్పుతారు. ఇసుక అయిపోయేలోగా ఒక్కరు "వద్దు" అంటే చాలు, ఆ పని ఆగిపోతుంది. కారణం చెప్పక్కర్లేదు. ఎవరూ అనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. "బయట మౌనం అర్ధాంగీకారం, ఇక్కడ పూర్తి అంగీకారం" అంటారు టీచర్. గొంతున్నవాళ్లదే రాజ్యం కాకూడదని, నాలాంటివాళ్ల కోసమనే పెట్టిన పద్ధతి. నేను చేరి రెండేళ్లయింది. ఇంతవరకూ ఎవరూ "వద్దు" అనగా వినలేదు.

ఇవాళ అందరూ ఉత్సాహంగా ఉన్నారు. ఊట నీళ్లు మూడు రోజుల్లో జానెడు లేచాయి. బాతులు దిగాయి. "కొత్త ముక్క పై ఊరినుంచి రావాలంట, మూడు వారాలు పడుతుందంట" అని మెకానిక్ చేతులు రుద్దుకున్నాడు. "ఒకవేళ వాళ్లు వేరే పంపు తెస్తే..." అని లాయరు గారు మొదలుపెట్టారు. "ఒకవేళ గారూ, ఒక్కరోజైనా సంతోషించనివ్వండి బాబూ" అన్నాడు మెకానిక్.

టీచర్ నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువు ఇంటికొచ్చేదాకా ఉంది.

8, శుక్రవారం

పంపు ఆపరేటర్‌ని పోలీసులు తీసుకెళ్లారు.

అమ్మ కూరగాయల దగ్గర విని వచ్చింది. "చేతిలో పనిని చేతులారా పాడుచేసుకుంటాడా ఎవడైనా? కంపెనీకి పడనివాళ్ల దగ్గర డబ్బు తిన్నాడంటున్నారు. దొరికిందే సందని పేదవాడి మెడకు చుట్టడం" అంది.

ఆపరేటర్ గురించి నేను ఆలోచించలేదు. టీకి వెళ్తాడన్నంత వరకే ఆలోచించాను.

9, శనివారం

మళ్లీ వెనక గది. షాపు ఆయన అద్దం కోస్తూనే విన్నాడు, మధ్యలో ఆపితే పగులుతుందట.

లాయరు గారు చెప్పింది విడమరిచి రాస్తాను, తర్వాత నేను మార్చుకోకుండా. ఆపరేటర్ మీద సాక్ష్యం లేదు. ఒకవేళ రిమాండుకి పంపినా నెలా రెండు నెలల్లో బెయిల్ వస్తుంది. మనం గనక ఒప్పుకుంటే ఇరవై రెండున కేసు నిలబడదు. మన వాదనంతా ఒక్కటే, చట్టం దాటింది వాళ్లు, మనం కాదు. ఆ కాలు విరిగితే కుర్చీ మొత్తం కూలుతుంది.

"మనకి తెలిసి అతను ఏమీ చెయ్యలేదు కాబట్టి అతనికి ఏమీ కాదు. మనం ఎవరమూ ఏమీ మాట్లాడకుండా ఉందాం" అన్నారు టీచర్. గడియారం తిప్పారు.

సన్నగా దిగింది ఇసుక. నేను దాన్నే చూశాను. మెకానిక్ తన బూటు చూసుకున్నాడు. ఏదో అనాలని నోరు తెరిచాను, ఆవులింత అనుకుని లాయరు గారు కూడా ఆవులించారు.

ఇసుక అయిపోయింది.

10, ఆదివారం

మడుగుకి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని. నిజానికి నీళ్లు చూడాలని.

బాతులు అరవై నాలుగు. కొంగలు పదిహేడు. రాసుకుంటుండగా తలమీద తీతువులు. ఆగకుండా అరుస్తున్నాయి. ఒక జత నా మీదికే దూకి తప్పుకుంటోంది. గూడు దగ్గరికి మనిషొస్తే అవి అలా చేస్తాయి. కానీ అవి గూడు కట్టవు, పొడి మట్టిలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. నా ముందున్నది నీళ్లు.

కిందికి చూశాను. జానెడు నీళ్ల కింద నాలుగు గుడ్లు. మట్టి రంగు, మచ్చలు, నాలుగు మొనలూ లోపలికి తిరిగి ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు.

ఏడు వారాలు పంపు తోడితే బయటపడిన మట్టి అది. మేం దాన్ని చచ్చిన నేల అనేవాళ్లం. దాని మీద ఒక్కరమూ అడుగు పెట్టలేదు. పదకొండేళ్లుగా లెక్కంతా నీళ్ల మీదే. తీతువులు మాత్రం ఆ మట్టిని చూసి ఇది మనదే అనుకున్నాయి. ఏడుస్తూ తిరుగుతున్న జతల్ని లెక్కపెట్టాను. పన్నెండు.

టీచర్ ఇంటికి వెళ్లి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మళ్లీ పెడతాయమ్మా."

"ఇంత ఆలస్యంగానా టీచర్?"

"పెడతాయి" అన్నారు. "ఇది బయటికి రానివ్వకు. కంపెనీ వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?"

లెక్క పుస్తకంలో బాతులు 64, కొంగలు 17 అని రాసి ఉంది. దాని కింద ఇంకేమీ రాయలేదు.

11, సోమవారం

ఎవరూ చూడలేదు. కాబట్టి నేను చెబితే తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు.

12, మంగళవారం

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒకామె అమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. అమ్మ ఒక దుకాణానికి స్కూలు యూనిఫాములు కుడుతుంది, బొత్తాల పని బయట ఇస్తుంది.

"కాజాలు కూడా వచ్చా?" అని అడుగుతోంది అమ్మ.

"వచ్చక్కా. బొత్తాలు, కాజాలు, అంచు కుట్టడం. ఏదిచ్చినా చేస్తాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు."

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?"

"మడుగు దగ్గర పంపు ఆపరేటరక్కా. ఇప్పుడు లోపలున్నాడు."

అమ్మ మిషను ఆగింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

"డబ్బు తిని ఆపేశాడంటున్నారు. తినడమే చేతనైతే ఎక్కడెక్కడో పంపులు నడిపిన ఇన్నేళ్లలో ఒక్కసారన్నా తినేవాడు కదక్కా. ఎవర్నైనా చూశావా అని అడిగితే, చూడలేదు, చూడలేదు, అదే మాటట. కొట్టారేమో చెప్పడు. నేను వెళ్తే నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోతుంది నాకు."

"మగాళ్లంతే. నవ్వాల్సినప్పుడు ముడుచుక్కూర్చుంటారు, ఏడవాల్సినప్పుడు ఇకిలిస్తారు" అంది అమ్మ. తర్వాత నన్ను చూసి, "ఏమే, అలా స్తంభంలా నిలబడకపోతే ఆ బొత్తాల సంచి తెచ్చివ్వొచ్చుగా."

తెచ్చి ఇచ్చాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"నువ్వు పక్షుల్ని లెక్కపెట్టే అమ్మాయివి కదూ? మా ఆయన చెబుతుంటాడు. పొద్దున్నే వస్తుంది, ఎవరి జోలికీ పోదు, బుద్ధిమంతురాలు అని. మా పెద్దదానికి నీ గురించే చెప్పి చదువుకోమంటాడు."

సంచిలో బొత్తాలు గలగలమన్నాయి. సంచిని నేనింకా వదల్లేదు.

ఆమె వెళ్లాక అమ్మ అంది, "నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా? ఒక్క మాట అనలేకపోయావు పాపం ఆమెతో."

13, బుధవారం

ఇవాళ ఒక పుస్తకం పేజీలు తలకిందులుగా అతికించాను. మూడేళ్లలో మొదటిసారి.

14, గురువారం

నేనే అడిగాను కలుద్దామని. నేను అడగడం అదే మొదలు. అందుకే అందరూ చెప్పిన వేళకంటే ముందే వచ్చారు.

"లైబ్రరీ తెరిచారండోయ్!" అన్నాడు మెకానిక్. ఎవరూ నవ్వకపోయేసరికి కుర్చీ సర్దుకున్నాడు.

శనివారం అనుకున్నదానికి నేను వద్దంటున్నాను అని చెప్పాను.

టీచర్ కోప్పడలేదు. క్లాసులో తప్పు జవాబు చెప్పినప్పుడు ఎంత నెమ్మదిగా చెప్పేవారో అలాగే చెప్పారు. "ఇసుక అయిపోయాక వద్దు చెల్లదమ్మా. అదీకాక, వద్దు అనేది ఒక పనిని ఆపడానికి. మాట్లాడకుండా ఉండటం పని కాదు కదా, ఆపడానికి."

ఆవిడ చెప్పింది నిజమే. ఆ పద్ధతిలో మౌనాన్ని ఆపే దారి లేదు. ఇన్నాళ్లూ నాకది తట్టలేదు. ఎందుకు తడుతుంది, నేనుండేదే అందులో.

"అయితే నేను ఒక పని చేద్దామంటున్నాను" అన్నాను. "నేను స్టేషన్‌కి వెళ్లి చెప్తాను. నా గురించి మాత్రమే. మీ పేర్లు రావు."

"నువ్వొక్కదానివే చేశావంటే నమ్మడానికి వాళ్లేమైనా చెవిలో పువ్వు పెట్టుకున్నారా? ఆ ముక్క పేరైనా తెలుసా నీకు?" అన్నాడు మెకానిక్. కోపంగా కాదు. భయంగా.

"తెలియదు. ఎక్కడ పడేశానో తెలుసు."

టీచర్ తిప్పకపోతే నేనే చెయ్యి చాచి గడియారం తిప్పాను. అది అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు.

మొదటి నిమిషం ఎవరూ కదల్లేదు. రెండోదాంట్లో మెకానిక్, "ఆ ఆపరేటర్ పిల్లలు ఏ క్లాసో తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. మళ్లీ మాట్లాడలేదు. లాయరు గారు నోరు తెరిచారు, మూశారు. షాపు ఆయన చేతిలో కొలత టేపు మెల్లగా లోపలికి చుట్టుకుపోయింది. నలుగురం ఒప్పుకున్నట్టే అనుకున్నాను. అడుగున ఇసుక చిన్న గుట్టలా అయింది, పైన ఇంకా చిటికెడు ఉంది.

"వద్దు" అన్నారు టీచర్.

బయటికొచ్చాక షాపు ఆయన నా వెనకే మెట్లు దిగాడు. "పంపు ఆపుదామన్న రోజే నాకు వద్దు అనాలనిపించింది. అందరూ ఒప్పుకున్నారు కదా, నేనొక్కణ్ణే పిరికివాణ్ణేమో అనుకున్నా" అన్నాడు.

నేనూ అదే అనుకున్నానని చెప్పలేదు. ఆ రోజు నేనేమనుకున్నానో నాకు గుర్తులేదు. టీచర్ మెచ్చుకుంటారని అనుకున్నానేమో.

15, శుక్రవారం

టీచర్ లైబ్రరీకి వచ్చారు. చేతిలో ఒక పాత పక్షుల పుస్తకం, అట్ట ఊడిపోయింది. బాగుచేయమని తెచ్చినట్టు నా బల్ల మీద పెట్టి, కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

"నీకు మనుషుల మీద జాలి. నాకు లేదనుకుంటున్నావా?"

"లేదు టీచర్."

"ఒక మనిషి రెండు నెలలు కష్టపడి బయటికొస్తాడు. అతనికి వేరే పని దొరుకుతుంది. అవసరమైతే నేనే ఇప్పిస్తాను. మడుగు పోతే మళ్లీ రాదు. దానికి ఇంకో మడుగు ఇప్పించేవాళ్లు లేరు. నేనన్నది తప్పా?"

తప్పు కాదు. ఆవిడ మాటలో నేను చెరిపే ముక్క ఒక్కటీ లేదు. కిటికీలోంచి వెలుతురు ఆవిడ చేతుల మీద పడింది. గట్టు మీద పదకొండేళ్ల ఎండకు అవి మచ్చలు పడ్డాయి.

"ఆయన్ని అడిగామా టీచర్?"

"ఏమని?"

"రెండు నెలలు ఇస్తారా అని. మడుగు కోసం."

ఆవిడ ఊడిన అట్టని పుస్తకం అంచుకి సర్దారు. అడిగితే ఏమనేవాడో అని నేను ఆలోచించాను. ఇచ్చేవాడేమో కూడా.

"తీతువుల్ని కూడా అడగలేదు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆవిడ ముఖం వాడిపోయింది. లేచి తలుపుదాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండా, "ఇరవై రెండు దాటనివ్వమ్మా. వారం రోజులు. అంతే అడుగుతున్నాను" అన్నారు.

ఆవిడ నన్ను బతిమాలడం నేను భరించలేకపోయాను. వెనకాలే పరిగెత్తి సరేనందామని తలుపుదాకా వెళ్లాను. చేతికి జిగురు ఉంది. తుడుచుకునేలోపు ఆవిడ వీధి మలుపు తిరిగారు.

పుస్తకం ఇక్కడే ఉంది. అట్ట వేయాలి.

16, శనివారం

ఇన్నాళ్లూ అరెస్టు చూపించకుండా ఉంచి, ఇవాళ ఆపరేటర్‌ని రిమాండుకి పంపారు. వేరే ఊరి జైలు. ఆయన భార్య బొత్తాలు కుట్టిన చొక్కాలు తెచ్చి అమ్మకిచ్చి, ఇకమీదట వారానికి ఒకరోజు పనికి రాలేనని చెప్పిందట. ములాఖత్ రోజు.

మధ్యాహ్నం లాయరు గారు లైబ్రరీకి వచ్చి పత్రిక తిరగేస్తున్నట్టు నిలబడ్డారు. "ఒకవేళ నువ్వు రేపు పొద్దున పది గంటలకి స్టేషన్‌కి వెళ్లేటట్టయితే, ఒకవేళ నేనూ ఆ టైముకి ఆ వీధిలోనే ఉంటే, ఒకవేళ మనం ఒకరికొకరు ఎదురుపడితే, సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం నాకు చూపించు" అన్నారు. మా ఇద్దరికీ నవ్వొచ్చింది. నియమం ప్రకారం ఆయన ఏ పనీ చేద్దామనలేదు కాబట్టి గడియారంతో పని లేదు.

మడుగు కేసు ఏమవుతుందని అడిగాను. "పోతుంది" అన్నారు. ఆ ఒక్కమాటకి మాత్రం ఒకవేళ లేదు.

సాయంత్రం అమ్మకి చెప్పాను. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటోంది. చెప్పడం పూర్తయ్యేదాకా ఆ దారాన్ని అలాగే పట్టుకుంది.

"ఆమెకి సంచి ఇచ్చింది నువ్వే కదే. నీ చేత్తోనే."

"ఊఁ."

"చెప్పలేకపోయావా అప్పుడే?"

"లేదమ్మా."

నోటికొచ్చినట్టు తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. సూది గుడ్డకి గుచ్చి, కళ్లు ఒత్తుకుంది. "మీ నాన్న ఉంటే నీతో వచ్చేవాడు. నాకు స్టేషనంటే కాళ్లు వణుకుతాయి. అయినా వస్తాను, బయట కూర్చుంటాను" అంది. కాసేపటికి మళ్లీ, "తినేసి వెళ్లు రేపు. ఖాళీ కడుపుతో నిజం చెబితే కళ్లు తిరుగుతాయి."

ఇవాళ ఈ నోటుబుక్కునీ, టీచర్ పుస్తకాన్నీ ఇంటికి తెచ్చేశాను. టీచర్‌కి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. నాలుగు కాగితాలు పాడుచేశాను. చివరికి ఆవిడ పుస్తకానికి అట్ట వేయడం పూర్తిచేసి, లోపల చీటీ ఏమీ పెట్టకుండా చుట్టి, పేరు రాసి ఉంచాను. అమ్మ ఎవరితోనైనా పంపుతుంది.

స్టేషన్‌లో చెప్పాల్సినవి వరసగా అనుకున్నాను. ఆదివారం. ఆరున్నర. గొళ్లెం. ముక్క ఎక్కడ విసిరింది. నేనొక్కదాన్నే. రేపు ఈ నోటుబుక్కు వాళ్ల చేతికి వెళ్తుందో, పొయ్యిలోకి వెళ్తుందో ఇంకా తేల్చుకోలేదు. ఇందులో వాళ్లందరూ ఉన్నారు. కాల్చాలేమో. కానీ కాల్చే ముందైనా ఇది ఒకచోట సరిగ్గా రాసి ఉండాలి. ఎవరూ చూడలేదని ఇప్పటికి రెండుసార్లు రాశాను.

షెడ్డులోంచి నేను బయటికొచ్చేసరికి ఆపరేటర్ గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. "అక్కడ పాచి ఉందమ్మా, జారతావు, చూసుకుని నడు" అన్నాడు.